అవతలి గట్టు రాళ్ళు

"చెప్పు శుభాకర్. వంక దాటి అవతలి గట్టు నుంచే తెచ్చినావు గదా ఈ మూడూ?"

అనంతపద్మనాభం సారు అడుగుతూనే బల్ల మీదున్న ఆరు గుడ్డసంచుల్లో మూడింటిని వేలితో ముందుకు జరిపాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆ అంకెలు శుభాకర్ చేతిరాతే. సంచి మూతికి కట్టిన అట్టముక్కల మీద, సండే స్కూలు పిల్లలకు వాక్యాలు రాసిచ్చినట్టే గుండ్రంగా రాశాడు.

"అవును సార్," అన్నాడు శుభాకర్.

ఆ మాట అంత సులువుగా ఎట్లా వచ్చిందో అతనికే తెలియలేదు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు దాకా బస్సులో నిలబడి వస్తూ, నిజం చెప్పేయాలనే అనుకున్నాడు. సారు రాసిన కార్డు ఇంకా చొక్కా జేబులోనే ఉంది. 'వెంటనే రావలసింది. రాళ్ళ విషయం తేలాలి.' అంతే. గదిలో ఇస్మాయిల్ కూడా ఉంటాడని మాత్రం అనుకోలేదు.

ఇస్మాయిల్ కిటికీ పక్కన తన పీట దగ్గర నిలబడి ఉన్నాడు. చేతులకు మోచేతుల దాకా బూడిదరంగు బురద. పదిహేడేళ్ళుగా కాలేజీ వెనకగదిలో అతను చేసే పని అదే. రాయిని రంపంతో బిళ్ళగా కోయడం, గాజుపలకకు అంటించడం, గరుకుపొడి, నీళ్ళు వేసి గుండ్రంగా రుద్దుతూ రుద్దుతూ రాయిలోంచి వెలుతురు దూరేదాకా పల్చన చేయడం. వెంట్రుక మందం కూడా ఉండకూడదు. ఒక్క నొక్కు ఎక్కువైతే రాయి ఉండదు, ఉత్త గాజే మిగులుతుంది. అతని చేతిలో ఒక రాయి పోయిందన్న మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు.

"విన్నావా ఇస్మాయిల్? ఇంకేం చెప్తావు?" అన్నాడు సారు.

"నెలదినాల నుంచి మీరు అడుగుతాండారు, నేను చెప్తాండా సార్. సంచులు ఒగొగటే ఇప్పినా. కడిగినా. మిద్దె మీద యా సంచి రాళ్ళు ఆ సంచి మీదనే ఆరబోసినా."

"ఆరబోసి అన్నానికి పోయినావు."

"పోయినా సార్."

"వచ్చేసరికి?"

"యాడివి ఆడనే ఉన్నాయి సార్."

"అట్లయితే ఇవేంది?" సారు మైక్రోస్కోపు మీద అరచెయ్యి పెట్టాడు. "నాలుగు, అయిదు, ఆరు ఇవతలి గట్టువి. తక్కిన మూడూ అవతలివి. చూస్తే ఆరూ ఒకే కడుపున పుట్టినట్టుండాయి. అవతలి రాయి నేను చూడలేదనుకున్నావా? పన్నెండేండ్ల కిందట, ఈ కొట్లాటలు లేనప్పుడు, నా కాళ్ళతో నేను నడిచి చూసినా. పట్టుగుడ్డ మాదిరి మెరుస్తాది. కొడితే కంగుమంటాది. ఆ రాళ్ళను నువ్వు మిద్దె మీద పోగొట్టినావు. పోగొట్టి, ఇవతలి రాళ్ళనే రెండుగా పగలగొట్టి సంచులు నింపినావు. పోయినాయి సార్ అనుంటే ఒక్క తిట్టుతో పోయుండేది. దొంగపని ఎందుకు చేసినావు?"

సారు చెప్పిన దొంగపని జరిగిన మాట నిజమే. చేసిన చెయ్యి మాత్రం గదికి ఈ పక్కన, శుభాకర్ జేబులో ఉంది.

"నేను దేనికోసం పద్నాలుగేండ్లు కొండలు పట్టుకొని తిరిగినానో నీకు తెలుసు గదా శుభాకర్," అన్నాడు సారు, గొంతు తగ్గించి.

తెలుసు. ఆరు ఎండాకాలాలు సారు వెంట సంచి మోస్తూ ఆ కథ విన్నాడు. ఆ నల్లరాళ్ళన్నీ ఒకప్పుడు నీళ్ళ అడుగున పేరుకున్న బురద. ఆ తర్వాత ఎన్నో కోట్ల ఏళ్ళకు తూర్పు నుంచి భూమి నొక్కుకుంటూ వచ్చింది. ఒక కొసన తోస్తే చాప ముడతలు పడినట్టు నేల ముడతలు పడి కొండలు లేచాయి. ఆ తోపులో కొంత బురదరాయి లోతుకు దిగబడి కాగింది. పచ్చికుండకూ కుమ్మరి ఆవంలో కాలిన కుండకూ ఉన్న తేడాయే కాగని రాయికీ కాగిన రాయికీ ఉంది. చల్లారినా సరే, తనకు తగిలిన వేడి గుర్తును రాయి లోపల ఉంచుకుంటుంది. నక్కలవంక పొడవునా భూమి విరిగిందనీ, లోతున కాగిన రాయి పైకి తోసుకొచ్చి అవతలి గట్టయిందనీ, కాగనిది ఇవతలి గట్టుగా మిగిలిందనీ సారు నమ్మకం. యూనివర్సిటీకి ఆయన ఇవ్వవలసిన పుస్తకమంతా ఈ ఆరు సంచుల దగ్గర ఆగిపోయింది.

కొండలు పుట్టించడానికి దేవునికి అన్ని కోట్ల ఏళ్ళు ఎందుకు పట్టిందని శుభాకర్ ఒకసారి పాస్టరయ్యను అడిగాడు. "ఆయనకేం తొందర?" అన్నాడు పాస్టరయ్య. ఆ జవాబు శుభాకర్‌కు నచ్చింది.

ఇస్మాయిల్ అతని వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు. అదే శుభాకర్‌కు తట్టుకోరానిదయింది.

"శుభాకర్ అబద్ధమాడే మనిషి కాదు సార్. చర్చిలో వాక్యం చెప్పే మనిషి. తెచ్చినానంటే తెచ్చినట్టే." ఇస్మాయిల్ కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. "అట్లయితే పోగొట్టింది నేనేనేమో సార్. వయసైతాంది. ఆ పొద్దు కునుకు పట్టినాదేమో. కాలు తగిలి చెదిరినాయేమో. ఏమో సార్. నాకే తెలీకుండాది."

సారు కాగితం ముందుకు లాక్కొని, ఇస్మాయిల్‌ను పనిలోంచి తీసేయమని కాలేజీ కమిటీకి నాలుగు వరుసలు రాశాడు. ఇస్మాయిల్ కొళాయి కింద చేతులు కడుక్కున్నాడు. గోళ్ళ సందుల్లోని బురద కూడా తీశాడు. గాజుపలకను తుడిచి బోర్లా పెట్టి, గరుకుపొడి డబ్బాకు మూత బిగించి, అందరికీ ఒకే నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

శుభాకర్ నోరు విప్పలేదు.

ఆదివారం కోనాపురం చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. సంఘపెద్దగా ద్రాక్షరసపు గిన్నెల పళ్ళెం పట్టుకొని వరుసల మధ్య నడిచేది శుభాకరే. అందరికీ అందించాక చివరి గిన్నె అతనిది. తప్పు దాచుకొని ఆ గిన్నె తాగకూడదని, ఆ రోజు దాన్ని తీసుకోకుండానే పళ్ళెం తీసుకుపోయి బల్ల మీద పెట్టేశాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు.

ఇంటికి వచ్చాక కంచం ముందు పెడుతూ భార్య దేవకుమారి అడిగింది. "గిన్నె ఎందుకు తీసుకోల్యా?"

"ఏం లేదులే."

"ఏం లేకుండా పదేండ్ల నుంచి తీసుకునే మనిషి ఈపొద్దు ఎందుకు మానుకున్యావు?"

అతను చెప్పాడు. కార్డు, ఇస్మాయిల్, కొళాయి, అన్నీ.

"నువ్వు వంక దాట్ల్యాదని నాకు ఆ పొద్దే తెల్సు," అంది చివరికి. "మోకాలిలోతు నీళ్ళుంటే నీ పంచె అంచు ఎండిపోయుండె."

"మల్ల అడగల్యా నువ్వు?"

"ఎందుకు అడగాల? దాటినాననుంటే గుండెలు బాదుకోనుంటా. దాట్ల్యాదని సంతోషపడితి. దాంట్లో నా వంతూ ఉండాది."

రెండేళ్ళ కిందటి ఎన్నికల తర్వాత కొట్లాటల్లో వంకకు ఇటు ముగ్గురు, అటు ఇద్దరు చచ్చిపోయారు. ఇవతలి కోనాపురం ఒక పార్టీ, అవతలి సిద్దేపల్లె ఇంకొక పార్టీ. అప్పటి నుంచి ఇక్కడి కొడవలి అక్కడి గడ్డికి పోలేదు, అక్కడి మేక ఇక్కడి నీళ్ళు తాగలేదు. పైగా పోలింగునాడు రెండూళ్ళవాళ్ళూ ఓటేసే కోనాపురం బడిలో బల్ల వెనక పార్టీ ఏజెంటుగా కూర్చున్నది శుభాకరే. సంతకం పెట్టగలడు, గొడవకు పోడు అని పెద్దోళ్ళు కూర్చోబెట్టారు. సిద్దేపల్లెలో అతని మొహం తెలియనివాళ్ళు లేరు. కొట్లాటలున్నాయని సారుకు తెలుసు, శుభాకర్ ఆ బల్ల వెనక కూర్చున్న సంగతి తెలియదు. 'మీ ఊరి పక్కనే గదా, పోయి తీసుకురా' అన్నాడు. భయపడుతున్నానని చెప్పుకోవడానికి శుభాకర్‌కు సిగ్గేసింది. వంక దాకా పోయి, నీళ్ళకేసి చూసి, ఇవతలి గట్టు మీదే ఇంకో మూడు చోట్ల రాళ్ళు కొట్టుకొచ్చాడు. నల్లరాయి నల్లరాయే గదా, ఎవరు కనిపెడతారు అనుకున్నాడు.

"పోయి చెప్పేసి రా," అంది దేవకుమారి.

"ఉత్త చేతుల్తో చెప్తే సగమే. నిజం రాయి బల్ల మీద పెడ్తే ఇంక ఇస్మాయిల్ మామను ఎవురూ ఏమీ అనలేరు."

అంటే ఏమిటో ఆమెకు అర్థమైంది. చాలాసేపు మజ్జిగ గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంది. తర్వాత, "పొద్దున్నే పో. మేకలు రాకముందు," అంది.

సోమవారం ఎండ ఎక్కక ముందే శుభాకర్ వంకలో దిగాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. భుజాన సంచి, చేతిలో సుత్తి. సుత్తి చూస్తే అవతలివాళ్ళు ఏమనుకుంటారోనని మధ్యలో దాన్ని సంచిలో పెట్టాడు. సంచి బరువు చూస్తే బాంబులనుకుంటారేమోనని మళ్ళీ బయటికి తీశాడు.

అవతలి గట్టు ఎక్కి మొదటి దెబ్బ వేశాడు. రాయి కంగుమంది. పేజీలు విడిపోయినట్టు రేకులు రేకులుగా విడిపోయింది. లోపలి ముఖం ఎండకు తిప్పితే తళతళలాడింది. వంద గజాల దూరంలో పుట్టిన రాయి ఇట్లా ఉంటుందని అతనికి తెలియదు. ఆరేళ్ళు విన్న కథ నిజమని అప్పుడే నమ్మినట్టయి, ఇంకా ఎక్కువ సిగ్గేసింది.

"ఎవురప్పా అది?"

చేతిలోంచి సుత్తి జారింది. కంప కొడుతున్న ముసలామె, తల మీద గుడ్డ, చేతిలో మచ్చుకత్తి. సిద్దేపల్లె పార్వతమ్మ.

"నేనే అవ్వా."

"నేనంటే ఎవురు? పేరు లేదా?"

"కోనాపురం శుభాకర్‌ను."

"ఓహో, ఏజెంటా!" ఆమె దగ్గరికి వచ్చి కింది నుంచి పైదాకా చూసింది. "తెల్లసొక్కా ఏసుకోని బల్ల ఎనక కూర్చున్న ఏజెంటు. ఆ పొద్దు ఎండలో నడ్సుకుంటా వస్తి. 'నీ ఓటు అయిపాయ అవ్వా, ఇంటికి పో' అనిరి. నా వేలికి సిరా ల్యా. వేలు నీకు చూపిస్తి. చూసినావా ల్యా?"

"చూసినా అవ్వా."

"నోరెత్తినావా?"

"ఎత్తల్యా."

"మల్ల ఇప్పుడు దేనికొస్తివి?"

"రాళ్ళకు."

"రాళ్ళకా!" పార్వతమ్మ నవ్వింది. "మీ పక్క రాళ్ళు గూడా అయిపాయనా? ఓట్లయిపాయ, ఇంక మా రాళ్ళు కావల్సొచ్చెనా?"

అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. తన అబద్ధానికి ప్రొద్దుటూరులో ఒక పెద్దాయన దొంగ అనిపించుకున్నాడనీ, పని పోయిందనీ, ఈ రాళ్ళు తీసుకుపోతేనే ఆయన మాట నిలుస్తుందనీ. పార్వతమ్మ మచ్చుకత్తిని రెండో చేతిలోకి మార్చుకుంది.

"ఎన్ని కావాల?"

"మూడు చోట్ల, మూడు ముక్కలు."

"మావోళ్ళు కాసేపటికి మేకలు తోలుకోనొస్తారు. బిన్నా కొట్టుకో. నేను ఈడనే నిలబడుకోనుంటా. ఎవురన్నా దూరం నుంచి కేకేసి అడిగితే మా ఆడబిడ్డ కొడుకంటాలే. నీ మొగానికి అంతకన్నా పెద్ద సుట్టరికం ఎవురూ నమ్మరు."

అతను మూడు చోట్లా రాయి కొట్టుకున్నాడు. ఈసారి అట్టముక్కల్ని నమ్మలేదు. తెల్లరంగు సీసా తెచ్చుకున్నాడు, ప్రతి రాయి మీదా అంకె వేసి ఆరేదాకా ఊదాడు. అంతసేపూ ఆమె గట్టు మీదే నిలబడి ఉంది. అతను నీళ్ళలో దిగుతుంటే వెనక నుంచి పిలిచింది.

"మల్ల ఓట్లకు కూర్చుంటావా?"

"కూర్చోను అవ్వా. ఇంక ఆ పని వద్దు."

"కూర్చో. కూర్చోని నోరు తెరువు."

మంగళవారం కాలేజీ వెనకగదిలో శుభాకర్ నిలబడే అంతా చెప్పాడు. సారు కూర్చోమనలేదు. ఇస్మాయిల్ పీట ఖాళీగా ఉంది. చెప్పడం అయిపోయాక తిట్టు కోసం తల వంచుకున్నాడు.

"తెచ్చినావా?" అన్నాడు సారు.

"ఆ సార్."

"ఏదీ?"

శుభాకర్ ఒక రాయి తీసి ఇచ్చాడు. సారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఉమ్మితో వేలు తడిపి రుద్ది, వెలుతురుకు అటూ ఇటూ తిప్పాడు. తాళంచెవితో కొట్టాడు. అది కంగుమనగానే ఆయన ముఖం చిన్నపిల్లవాడి ముఖమయింది.

"నేను చెప్పలేదా శుభాకర్! ఎంత కాగితే ఇట్లయితాది ఇది! ఎంత లోతు నుంచి వచ్చింది! నేను చెప్పలేదా?" ఆయన గదిలో రెండుసార్లు తిరిగాడు. "ప్రాణం లెక్కచేయకుండా పోయినావు. తప్పు ఎవరు చేయరు? దిద్దుకునేవాడు మనిషి. పుస్తకం మొదటి పేజీలో నీ పేరు రాస్తా చూడు."

తిడతాడని కాచుకున్న చోట మెప్పు వచ్చి పడేసరికి శుభాకర్‌కు నిలబడ్డానికి కూడా ఇబ్బందయింది.

"ఇస్మాయిల్ మామ సంగతి సార్?"

"ఆ... చూద్దాం. కమిటీకి మళ్ళీ రాయాల. పరీక్షలు అయిపోనీ. వీటిని కోసేదానికి కడపలో ఒకడున్నాడు, వాడికి పంపిద్దాం. తక్కినవి ఇటియ్యి." సారు చెయ్యి చాపాడు.

శుభాకర్ సంచిని ఛాతీకి హత్తుకున్నాడు.

"ఇయ్యను సార్."

"ఏందీ?"

"మీరు వచ్చి ఇస్మాయిల్ మామకు చెప్పేదాకా ఇయ్యను." ఆరేళ్ళలో సారుకు ఎదురు చెప్పడం అదే మొదలు.

సారు ముఖం ఎర్రబడింది. "అబద్ధమాడింది నువ్వు. ఈడ్చుకుపోయేది నన్నా?"

"ఆడింది నేనే సార్. దొంగ అన్నది మీరు. ఆయన్ను నెలదినాలు అడిగినారు. యాడ దాటినావు, నీళ్ళెంతుండె, ఎవురు కనపడిరి అని నన్ను ఒక్క మాట అడిగుంటే ఆడనే దొరికిపోయుంటా. మీరు అడగల్యా."

సారు చేతిలోని రాయిని బల్ల మీద, చప్పుడు కాకుండా పెట్టాడు. కళ్ళద్దాలు తీసి తుడుస్తూ ఆ ఖాళీ పీట వైపు చూశాడు.

"యాడుండాడు ఇప్పుడు?" అన్నాడు.

"పులివెందులలో సార్. కూతురింటికి పోయినారంట, మొన్న శనివారం."

పులివెందుల ఊరి చివర అల్లుడు నబీ రసూల్ బండలు కోయించే దొడ్డిలో, బుధవారం పదిన్నరకు ఇస్మాయిల్ కనిపించాడు. రంపం ముందు కాదు. ఒక మూల నిలబడి, తిరిగే రంపం మీద చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. రంపం తిప్పుతున్నది ఇంకెవరో.

"రంపం పట్టుకోమంటే మామ వద్దంటాడు సార్," అన్నాడు నబీ రసూల్. "తన చెయ్యి మంచిది కాదంటాడు."

సారును చూడగానే ఇస్మాయిల్ చెంబు కింద పెట్టి, తడిచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. రంపం ఆపారు. శుభాకర్ చెప్పాడు. ఈసారి తల ఎత్తే చెప్పాడు.

ఇస్మాయిల్ అంతా విని, "అట్లయితే నేను పోగొట్టల్యా," అన్నాడు.

"ల్యా మామా."

"కునుకు పట్టల్యా నాకు."

"ల్యా."

"రోజూ ఆ మిద్దె ఎక్కి దిగుతాంటి శుభాకర్, మనసులోనే. ఒగనాడు నా కాలు సంచికి తగిలినట్టే గుర్తొచ్చె. మల్లోనాడు రాయి కిందికి దొర్లిన సప్పుడు గూడా ఇనపడె. ఇప్పుడు గూడా ఇనపడతాంది." ఆయన నవ్వబోయాడు, కుదరలేదు.

"ఇస్మాయిల్, రేపట్నుంచి పనికి రా. కమిటీకి నేను చెప్తా. నాదే తప్పు," అన్నాడు సారు.

"నాకు కాదు సార్. మా ఇంట్లో చెప్పండి."

దొడ్డి వెనకే ఇల్లు. ఇస్మాయిల్ భార్య ఖాతూన్‌బీ జ్వరంతో మూలుగుతున్న మనవరాలిని ఒళ్ళో వేసుకొని, గడపలో వెలుతురుకు కూర్చుని ఉంది. పక్కన మందుసీసా, గీతలున్న చిన్న మూత. ముగ్గురు మగవాళ్ళు వచ్చి ఎదుట నిలబడితే కొంగు సర్దుకుంది. సారు రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు. మిగతాది శుభాకర్ చెప్పాడు.

ఆమె అతని వైపు చూడలేదు. పాప నుదుటి మీద తడిగుడ్డ తిప్పి వేసింది.

"నెలదినాలు ఈ మనిషిని నేను ఏమేమో అంటి," అంది. "మతిమరుపు ముసలోడంటి. పొయ్యి ఆర్పినావా అని మల్లీ పోయి చూసుకుంటి. బిడ్డకు మందు పొయ్యనియ్యకపోతి, నీ చెయ్యి నమ్మలేనంటి. నీ అబద్ధం నువ్వు ఒప్పుకున్యావు, నీ మనసు కుదుటపడె. నేనన్న మాటలు ఎవురు ఎనక్కి తెస్తారప్పా? నువ్వు తెస్తావా?"

ఒప్పుకుంటే తీరిపోతుందనే శుభాకర్ వంక దాటాడు, సారుకు ఎదురు నిలిచాడు. ఇక్కడ, ఈ గడప ముందు, తాను ఎవరి నోట ఏ మాటలు అనిపించాడో అవి అతనికి ఇప్పుడే తెలిశాయి.

పాప ఏడ్చింది. ఖాతూన్‌బీ సీసా, మూత తీసి, భర్త వైపు చాపింది.

"నువ్వే పొయ్యి," అంది. "రెండో గీత దాకా."

ఇస్మాయిల్ కిందికి కూర్చున్నాడు. సీసా వంచాడు. ఎర్రటి మందు మూతలోకి సన్నగా దిగింది. సరిగ్గా గీత దగ్గర సీసా ఎత్తేశాడు, చుక్క కూడా అంచుకు అంటలేదు. కానీ ఆ మూతను పాప నోటికి తీసుకుపోలేదు. కంటికి ఎదురుగా పట్టుకొని చూశాడు, దించాడు, మళ్ళీ చూశాడు. తర్వాత చెయ్యి చాపి శుభాకర్ ముందు పెట్టాడు.

"సరిగ్గా ఉండాదా చూడప్పా."

శుభాకర్ మోకాళ్ళ మీద వంగి చూశాడు. మందు గీతకు పైకీ లేదు, కిందికీ లేదు.

"సరిగ్గా ఉండాది మామా."

ఇస్మాయిల్ తల ఊపాడు. మూతను మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"ఇంగోసారి చూడు," అన్నాడు.